వింధాముని 'క్రిసలిడ్స్' : భయానకవిచారము

ఆదర్శరాజ్యమును కల్పించి వర్ణించు గ్రంథములు పాశ్చాత్యవాఙ్మయమున బహుకాలమునుండి కలవు. తామస్ మోరు 1516 వ సంవత్సరమున ప్రకటించిన 'యుటోపియా' ఆ శాఖకంతటికిని పేరొసగినది. దానికి విలోమమైన శాఖ యొకటి యిరువదవ శతాబ్దమున ప్రబలెను. అందు వర్ణితమగు రాజ్యము సుఖమునకు మాఱుగా భయముపై నిలిచియుండును. ఇట్టి కథలను దుర్లోకకథలని వ్యవహరించుట సుకరము.

ఈ కథలన్నింటను సామాన్యముగ నొక లక్షణము కానవచ్చుచున్నది. రాజ్యము సహింపజాలని భిన్నుడొకడు ప్రతికథయందును ఉండును. రష్యా రచయితయగు జమ్యాతిన్ 1920-21 ప్రాంతమున రచించిన 'మేము' అను నవలలో భిన్నత్వము వ్యాధిగా నిరూపింపబడినది. కథానాయకునకు 'ఆత్మ' యేర్పడినదని వైద్యుడు రోగనిర్ణయము చేయును. కల్పనాశక్తిని మెదడునుండి తొలగించు చికిత్స రాజ్యమున నిర్బంధమగును. ఆ నవల తొలుత 1924 లో న్యూయార్కునందు ఆంగ్లానువాదముగా వెలువడెను. సోవియట్ దేశమున 1988 వఱకు ముద్రణకు నోచుకొనలేదు. ఆర్వెల్ 1949 లో ప్రకటించిన నవలలో భిన్నత్వము ఆలోచనాపరాధమైనది. ఈ రెంటను భేదము మనస్సునందే దాగియున్నది. భేదము మొదట శరీరముపై గోచరించి, పిదప మనస్సున కెక్కు తీరును క్రమముగ చూపిన నవల జాన్ వింధాముని 'క్రిసలిడ్స్'. భిన్నులయెడ భయమెట్లు పుట్టును, అది యెట్లు శాసనమగును, దానినుండి విముక్తి యెట్టిది అను ప్రశ్నలను పరిశీలించుట కీ నవల మిక్కిలి తగియున్నది. మూడవ ప్రశ్నకు నవల యిచ్చిన సమాధానము మొదటి రెంటికిచ్చిన సమాధానములతో పొసగుచున్నదా యనునదియే యిచట విచార్యము.

కర్తయు కథయు

వింధాముడు 1903 లో ఇంగ్లండునందు జన్మించి 1969 లో గతించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వసమాచారశాఖలో పత్రపరీక్షకుడుగను, పిదప సైన్యమునందలి వార్తావిభాగమునను పనిచేసెను. 1951 నాటి 'ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్' ఆయనకు ప్రఖ్యాతి తెచ్చెను. 'క్రిసలిడ్స్' 1955 లో ప్రకటితమయ్యెను. గూడు కట్టుకొని రెక్కలకై నిరీక్షించు పురుగుదశకు ఆంగ్లమున ఆ పేరు కలదు. అమెరికాలో నిదే నవల 'పునర్జన్మ' యను అర్థమిచ్చు వేఱొక నామముతో వెలువడినది.

కథాస్థలము ఉత్తర అమెరికాలోని లాబ్రడారు. మహావిపత్తొకటి పూర్వనాగరికతను దగ్ధము గావించిన బహుకాలమునకు ఈ కథ జరుగును. ఆ విపత్తు అణ్వస్త్రయుద్ధమని కర్త స్పష్టముగ చెప్పక, దక్షిణమున గాజువలె కరగిన నల్లని నేలలను వర్ణించి పాఠకునిచే ఊహింపజేయును. వాక్నక్ అను పల్లెలోని జోసెఫ్ స్ట్రార్మ్ ధనికుడగు కృషీవలుడు, కఠోరమతనిష్ఠుడు. ఆతని కుమారుడు డేవిడ్ కథకుడు. ఈ బాలుడును మఱికొందఱు పిల్లలును నోరు మెదపకయే ఒండొరుల తలంపుల నెఱుగగలరు. ఈ శక్తి బయటబడిన నాడు వారు మనుష్యకోటినుండి బహిష్కృతులగుదురు. ఆ రహస్యమును కాపాడుకొనుటయు, అది భగ్నమగుటయు, పలాయనము, దూరదేశమగు 'జీలండు' వారి యాకాశయానముచే రక్షణ - ఇది కథాశరీరము.

నిర్వచనమే శాసనము

వాక్నక్ ప్రజల ధర్మము మనుష్యునకొక నిర్వచనము కల్పించినది. చేతులెన్ని, కాళ్లెన్ని, ఒక్కొక్కదానికి వ్రేళ్లెన్ని, గోళ్లెట్టివి అనునది యందు నియతము. పైరులందును పశువులందును ఆ క్రమము తప్పినచో నది 'అపరాధము'. మనుష్యునియందు తప్పినచో 'దైవదూషణము'. దోషముగల పైరు దగ్ధమగును, దూడ వధింపబడును, శిశువునకు యోగ్యతాపత్రము నిరాకరింపబడును. పరీక్షాధికారి సంతకము లేనిదే పుట్టినబిడ్డ మనుష్యుడు కాడు.

ఇందలి సూక్ష్మము గుఱ్ఱముల ఘట్టమున ప్రకాశితమైనది. పొరుగువాడగు ఆంగస్ మోర్టన్ మిక్కిలి పెద్దవగు గుఱ్ఱములను తెచ్చును. జోసెఫ్ వానిని దోషజాతిగా నెంచి ఫిర్యాదు చేయును. ప్రభుత్వము వాని నంగీకరించినదని అధికారి పత్రము చూపును. జోసెఫ్ ప్రభుత్వమే తప్పినదనును. రెండు గుఱ్ఱముల బలమొక గుఱ్ఱము కలిగియున్నయెడల లాభము కనబడుచున్నది. కావున శాసనము కన్నుమూసికొన్నది. ఆఱవవ్రేలుగల బాలికవలన నెవ్వరికిని లాభము లేదు. కావున కన్ను తెఱచినది. ఈ యొక్క ఘట్టముచే కర్త, రూపనియమము దైవదత్తమను వాదమును వాదప్రతివాదములు లేకయే కూల్చినాడు.

యోగ్యతాపత్రములును నిషేధములును కేవలము కల్పితములు కావు. 1907 లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రము 'అయోగ్యుల'కు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయు శాసనము నిర్మించెను. అట్టి శాసనమును 1927 లో అమెరికా అత్యున్నతన్యాయస్థానము సమర్థించెను. బ్రిటనునందు 1913 నాటి శాసనము మందబుద్ధుల నిర్బంధమున కవకాశమిచ్చెను. జర్మనీలో 1933 జూలైలో నిర్బంధవంధ్యీకరణశాసనము వచ్చెను. తరువాతి ఘోరములు లోకవిదితములు. నవలయందును భిన్నులను వంధ్యులను గావించియే సీమాంతారణ్యములకు తఱుముదురు. మఱియు 1927 లోనే మల్లరు ఎక్స్ కిరణములచే ఈగలలో వంశలక్షణములు మాఱునని నిరూపించెను. 1945 లో హిరోషిమా, నాగసాకి నగరములపై అణ్వస్త్రములు పడెను. 1946 లో మల్లరునకు నోబెల్ బహుమానము లభించెను. వంశశుద్ధిశాసనములు, కిరణభయము అను రెండు ధారలు 1955 నాటి యీ నవలలో కలిసినవి.

బలవంతుని భయము

భయానకరసమునకు భయము స్థాయి. స్త్రీలును నీచప్రకృతులును దాని కాశ్రయములని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పినాడు. ఉత్తమప్రకృతియందు భయమును చూపుట లక్షణకారులకు సమ్మతము కాదు. 'క్రిసలిడ్స్' నవలయందలి విశేషము, భయమునకు ఆశ్రయము బలవంతుడగుటయే. గ్రామమున జోసెఫును మించిన ధనికుడు లేడు, మాటకెదురు లేదు. అయినను అందఱికంటె నెక్కువ భయపడువాడాతడే. ఆతని భయము భయముగా కానరాదు. అది క్రోధముగను, ధర్మోత్సాహముగను వేషము ధరించును. చేతికి గాయమైన డేవిడ్, మఱియొక చేయి యున్నచో కట్టు తానే కట్టుకొనియుందునని యమాయికముగ పలికినంతనే తండ్రి మండిపడి, కుటుంబమునంతయు మోకరింపజేయును. బాలుని యొక్క మాటకు ఇంటిగోడలు కంపించినవి. రౌద్రమున కనుభావములుగ తోచునవి నిజమునకు భయానుభావములని పాఠకుడు క్రమముగ గ్రహించును.

ఈ భయమునకు మూలమును కర్త చివఱిదనుక దాచియుంచినాడు. సీమాంతమున నివసించు దీర్ఘహస్తపాదుడగు గార్డన్ జోసెఫున కగ్రజుడు. అన్న మనుష్యుడు కాడని నిర్ణయింపబడుటచే తమ్మునకు భూమి దక్కినది. అన్న, భార్య చెల్లెలి శిశువు, తన కుమారుడు, తన కూతురు - అందఱును నిర్వచనమునకు వెలుపలివారే. తాను వేటాడునది తన నెత్తుటియందే యున్నది. భిన్నుడు దూరమునుండి వచ్చుటచే ద్వేషము పుట్టుననుట లోకమున వాడుక. అతడు ఇంటనే పుట్టునను నెఱుకవలన ద్వేషము పుట్టునని యీ నవల ప్రతిపాదించుచున్నది. ఈ ప్రతిపాదనము కథాసంవిధానముననే నిబద్ధమైయుండుట ప్రశంసనీయము.

కరుణరసపోషణకు రెండు ఘట్టములు ముఖ్యములు. మొదటిది సోఫీ వృత్తాంతము. రాతిసందున కాలు చిక్కుకొనిన ఆ బాలికను విడిపించుచు డేవిడ్ ఆఱువ్రేళ్లను చూచును. ప్రార్థనామందిరమున తాను వల్లించు నిర్వచనమునకును ఎదుటనున్న చెలికత్తెకును సంబంధమున్నదని వానికి తోచనే తోచదు. కంఠస్థవిద్యకును అనుభవమునకును గల యెడము ఇంతకంటె సులభముగ చూపుట యరిది. పిదప రాతిపై తడిపాదముద్రను చూచి కమ్మరికుమారుడు రహస్యమును గనిపెట్టును. కొరడాదెబ్బల కోర్వలేక డేవిడ్ నిజము చెప్పివేయును. రెండవది హారియట్ వృత్తాంతము. అంతకుముందు ఇరువురు శిశువులను పోగొట్టుకొనిన ఆమె, మూడవ బిడ్డకై పత్రము సంపాదింప, అక్క కూతురగు పెట్రాను ఒక్కదినమునకు ఎరువడుగును. అక్క నిరాకరించును. జోసెఫ్ పశ్చాత్తాపము బోధించును. హారియట్ తలవంచక, బిడ్డను ప్రేమించుటయే పాపమగు లోకము దైవసమ్మత మెట్లగునని ప్రశ్నించి వెడలిపోవును. పిమ్మట నామె శవము నదిలో లభించును. శాసనమునకు పూర్తిగ లోబడిన అక్కయందు శిశువును చూచిన క్షణమున జుగుప్స పుట్టుట, చెల్లెలియందు శోకము ఘనీభవించుట - బీభత్సస్థాయియు కరుణస్థాయియు నొకే గదిలో నెదురెదురుగ నిలిచినవి. నవలకంతటికి ఇది ప్రాణభూతమైన ఘట్టము.

నిర్వహణదోషము

సర్వరూపకములందును నిర్వహణసంధియందు అద్భుతము నిబంధింపవలెనని భరతుని మతము. వింధాముడు తెలియకయే యీ మార్గము ననుసరించెను. పెట్రాయొక్క అపూర్వమనశ్శక్తిచే ఆకర్షింపబడి జీలండునుండి ఆకాశయానము వచ్చును. దానినుండి రాలు సన్నని జిగురుదారములు క్రిందివారి నందఱను బిగించి ప్రాణములు తీయును. తఱిమినవారును, తఱుమబడిన సీమాంతవాసులును సమానముగ మడియుదురు. అంతకుముందే సోఫీ బాణహతయై కూలినది. రక్షకురాలగు జీలండు స్త్రీ దీర్ఘోపన్యాసము చేయును: జీవము మార్పుచెందుచుండును, ప్రాతజాతి నశించుట యనివార్యము, క్రొత్తజాతి తన్ను కాపాడుకొనుటకు చంపుట తప్పు కాదు, సీమాంతవాసులకు భవిష్యత్తు లేదు - అని దాని సారము.

ఈ వాదమునకును జోసెఫ్ వాదమునకును భేదమెద్ది? ఒకడు భూతకాలపు రూపమును ప్రమాణముగ గైకొనెను. ఈమె భవిష్యత్కాలపు శక్తిని గైకొన్నది. ఇరువురకును ప్రమాణమునకు వెలుపలివారు వధార్హులే. డేవిడ్ మిత్రులు బ్రదికినది భిన్నులగుటవలన కాదు, అధికులగుటవలన. పెద్దగుఱ్ఱములను శాసనము మన్నించిన హేతువే యిచట మరల ప్రవేశించినది. ఏ యుక్తిచే కర్త పూర్వార్ధమున రూపనియమమును కూల్చెనో, ఉత్తరార్ధమున ఆ యుక్తికే తానును దాసుడయ్యెను.

కర్తపక్షమున రెండు సమాధానములు సంభావ్యములు. జీలండు స్త్రీ మాటలు కర్తృమతము కావనియు, ఆమెయందును జోసెఫ్ నీడ కలదని పాఠకుడు గ్రహింపవలెననియు నొకటి. ఆమె తనజాతికిని ఒకనాడు అంతము కలదని యొప్పుకొనుట దీనికి బలము చేకూర్చును. రెండవది, మైకేల్ తాను రక్షణ పొందగలిగియు రేచల్ అను స్నేహితురాలికై వెనుదిరుగుట: శక్తికంటె స్నేహము గొప్పదని సూచించు చర్య యది. ఈ రెండును ఉపేక్షింపదగినవి కావు. అయినను వ్యంగ్యము సిద్ధించుటకు సహృదయుని హృదయమున నొక విరోధము మెదలవలెను. ఆ యుపన్యాసమునకు దీటైన ప్రత్యుత్తరము కథలో లేదు. సోఫీకై శోకించుటకు కథకునకు తీరిక లేదు. కథ డేవిడ్ చిన్ననాట కలగన్న నగరదర్శనముతో ఆనందమయముగ ముగియును. వ్యంగ్యమునకు చోటిచ్చుటకు మాఱుగా అద్భుతరసము దానిని కప్పివేసినది. క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు జీవితముగ నిరూపించెను. కరుణప్రధానమైన కథకు నిస్సంతాపమైన నిర్వహణము ఔచిత్యభంగమే.

దోషమిట్లున్నను నవల త్యాజ్యము కాదు. దాని పూర్వార్ధము దుర్లోకకథాశాఖలో శాశ్వతస్థానమున కర్హము. భయము మొదట నిర్వచనమగును, నిర్వచనము పత్రమగును, పత్రము కొరడా యగును: ఈ మూడు మెట్లును ఇంత స్పష్టముగ చూపిన కథలు కొలదిగ నున్నవి. విద్యార్థులకు దీనిని బోధించువారు చివఱి యాకాశయానమును చూపి విజయముగ వర్ణింపక, హారియట్ ప్రశ్నయొద్దను సోఫీ పాదముద్రయొద్దను నిలుచుట మేలు. తలంపులను చదువగల శక్తిమంతుని లోకము నేడు కాకున్న రేపైనను మన్నించును. ఏ శక్తిని చేకూర్పని ఆఱవవ్రేలునకు చోటిచ్చునా యనునదియే పరీక్ష. ఈ పరీక్షను పాఠకునికి నేర్పినది ఈ నవలయే. దానియందు తానే తప్పినదియు నీ నవలయే.