పాత మాటకు ముందుమాట

నా శిష్యుడు మూడేళ్లుగా ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాడని తెలిసి మొదట నవ్వుకున్నాను. అదీ ఆర్మేనియా వాళ్ల మాట: ‘హిన్’. అంటే పాత. ఇంత చిన్న విశేషణానికి పుస్తకమా అనుకుంటూనే రాతప్రతి తెరిచాను. ఆ మధ్యాహ్నం మందుబిళ్ల సంగతే మరిచిపోయాను.

‘హిన్’కు మూలం ఇండో-యూరోపియన్ ‘సెనొ’. వేదంలోని ‘సన’ దాని తోడబుట్టిందే, మనం రోజూ వినే ‘సనాతనం’లోనూ ఆ పోలికే. సకారం హకారమైందనగానే మనవాళ్లు తొందరపడతారు, సింధు హిందువైన దారేగా, పారశీకుల దగ్గర అరువు తెచ్చుకున్నారు అనేస్తారు. ఒకప్పుడు పండితులూ ఆర్మేనియన్‌ను ఇరానీ శాఖలోనే కలిపేశారు. అది వేరే శాఖ అని 1875లో భాషావేత్త హ్యూబ్ష్‌మన్ తేల్చాడు. ఇరానీయుల అవెస్తాలో ‘హన’ ఉన్న మాట నిజమే. కానీ అరువైతే ‘హన్’ అనేవారు. ఇక్కడ వినబడేది ‘ఇ’. అది పాత ‘ఎ’ నుంచే రావాలి, నకారం ముందు ఆ భాషలో జరిగే మార్పది. ఒక్క అచ్చు ఇంటిపేరు చెప్పేసింది! ఈ పేజీలు రెండుసార్లు చదివాను.

ఇక అర్థం. ‘హిన్’ వస్తువులకు, ఊళ్లకు, స్నేహాలకు. ఏళ్లు మీదపడ్డ మనిషికి మాత్రం ‘త్సెర్’, మన ‘జర’కు చుట్టం. పాత చెప్పులు, ముసలి ఎద్దు అనే మనకు ఈ తేడా వేరే చెప్పాలా? పాత స్నేహితుడు ముసలివాడే కానక్కర్లేదు.

అరస్ నది ఒడ్డున జుఘా అని వర్తకుల ఊరుండేది. 1604-05లో పారశీక రాజు షా అబ్బాస్ ఆ జనాన్ని ఇస్ఫహాన్ వైపు తోలుకుపోయాడు. అక్కడ వాళ్లు కట్టుకున్నది నోర్ జుఘా, అంటే కొత్త జుఘా. ‘నోర్’ మన ‘నవ’కు దాయాది. కొత్తది లేచాక వదిలొచ్చిన ఊరు ‘హిన్ జుఘా’ అయింది. ఆ కొత్త ఊరి వర్తకులే మన మచిలీపట్నం రేవుదాకా వచ్చారు.

ఒక్క లోటు చెప్పాలి. 1926 నుంచి 1935 దాకా యెరెవాన్‌లో సంపుటాలుగా వెలువడిన అచార్యన్ ధాతుకోశాన్ని అడుగడుగునా వాడుకుని, ఆ మహానుభావుడికి ఒక్క పేరాతో సరిపెట్టాడు. మలిముద్రణలో సరిచెయ్యమన్నాను.

“అలాగే మాస్టారూ” అన్నాడు. ‘త్సెర్’తో వాదన దేనికని కాబోలు.