నీటితోటలో నాచు

అద్దపు తొట్టిలో చేపలతోబాటు మొక్కలను గూడ పెంచి, నీటి యడుగున ఒక చిన్న వనమును నిలుపవలెనని ఆశించువారికి తొలినాళ్ళలో ఎదురగు గొప్ప చిక్కు నాచు. తొట్టి కూర్చిన కొన్ని వారములకే అద్దముపై గోధుమవన్నె పొర పట్టును. ఆకుల యంచులకు నల్లని కుచ్చులు మొలచును. ఒక్కొక్కప్పుడు నీరంతయు పచ్చబడి చేపలే కానరాకుండ పోవును. అప్పుడు అంగడికి పరుగెత్తి ఏదో యొక మందు తెచ్చి పోయువారే పెక్కుమంది. మందు నాచును చంపవచ్చును గాని, అది పుట్టుటకు గల కారణమును తొలగింపజాలదు. పైగా చచ్చిన నాచు కుళ్ళి వెలువరించు అమోనియా మరల క్రొత్త నాచునకే ఊతమగును. కావున పట్టిన నాచు ఏ జాతిదో మొదట గుర్తించి, అది ఎట్టి లోపమును సూచించుచున్నదో తెలిసికొని, ఆ లోపమును దిద్దుటయే సరియైన మార్గమని నా దృఢవిశ్వాసము.

గోధుమవన్నె పొరను గూర్చి దిగులుపడ నక్కరలేదు. అవి సిలికా కవచము గల డయాటములు. వ్రేలితో రాచిన పోవును, తొట్టి కుదుటపడిన పిమ్మట చాలవరకు వానంతట అవియే అంతరించును. బ్లేడుతో గీకిననే గాని ఊడని పచ్చని చుక్కలు వేరు జాతి. వెలుతురు మిక్కుటమై భాస్వరము చాలనిచోట అవి హెచ్చును. ఇసుకపై జిగటగా పరచుకొని, అంచు పట్టి లాగినచో పొరలు పొరలుగా లేచివచ్చుచు మట్టికంపు కొట్టు నీలిపచ్చ పదార్థము నిజమునకు నాచు కానేకాదు, సైనోబాక్టీరియా యను సూక్ష్మజీవుల సమూహము. నైట్రేటు మిక్కిలి తగ్గి, నీటి కదలిక లేక, మురికి పేరుకొన్న మూలలలో అది తరచుగా బలియును. దానిని గొట్టముతో పీల్చివేసి, మందపు గుడ్డ కప్పి తొట్టిని మూడు నాలుగు దినములు చీకటిలో నుంచి, పిదప నీటి ప్రవాహమును, నైట్రేటును సరిచేయుట అనుభవజ్ఞుల పద్ధతి.

అన్నిటిలోను మొండిది నల్లని కుచ్చునాచు. ముదురాకుల యంచులను, మానుముక్కలను, ఫిల్టరు నీరు పడు గొట్టపుమూతిని ఆశ్రయించి, పొట్టి పోగులు దట్టముగా గుమిగూడినట్లు పెరుగు ఈ నాచు చేతికి చిక్కదు. లాగిన ఆకే చినుగును. చూపునకు నల్లగానున్నను ఇది ఎఱ్ఱనాచుల వర్గమునకు చెందినది. ఒక కుచ్చు తుంచి స్పిరిటులో వేసినచో పచ్చదనము కరగిపోయి లోని ఎఱ్ఱని వన్నె బయటపడును. మొక్కలకు అందు బొగ్గుపులుసు వాయువు ఒకనాడు హెచ్చి ఒకనాడు తగ్గుచుండుటయు, కుళ్ళిన ఆకులు పేరుకొనుటయు దీనికి ముఖ్యకారణములు. ఫిల్టరును కొంతసేపు ఆపి, నూటికి మూడు పాళ్ళ హైడ్రోజన్ పెరాక్సైడును సిరంజితో మితముగా ఆ కుచ్చులపైననే విడిచినచో, కొన్ని దినములలో అవి గులాబివన్నెకు తిరిగి చచ్చును. అయినను వాయువు నిలకడగా అందనిచో మరల మొలచుట తథ్యము. దీపము వెలుగుటకు ఒక గంట ముందే వాయువును విడిచి, లీటరుకు ఇంచుమించు 30 మిల్లీగ్రాముల మట్టమున నిలుపవలెను. తొట్టిలో వ్రేలాడదీయు చిన్న గాజుబుడ్డిలోని సూచకద్రవము ఆకుపచ్చగా నున్నంతవరకు క్షేమము. పసుపుపచ్చకు తిరిగినచో చేపలకు ఊపిరాడదు. దీపము దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు చాలును.

భాస్వరము లేకుండ జేసిన నాచు దానంతట అది నశించునని ఒకప్పుడు పెక్కురు నమ్మిరి; 1996లో సియర్స్, కాన్లిన్ అనువారు ప్రకటించిన వ్యాసము ఈ నమ్మకమునకు బలమిచ్చెను. పిమ్మట అమెరికాకు చెందిన టామ్ బార్, మొక్కలు దట్టముగానున్న తొట్టిలో భాస్వరమును, నైట్రేటును ధారాళముగా వేసియు నాచు లేకుండ నిలుపవచ్చునని చూపెను. ఆయన పద్ధతిలో వారమునకొకసారి సగము నీరు మార్చుట ముఖ్యము. ఆహారము చాలని మొక్క క్షీణించి ఆకులనుండి సారమును కోల్పోవును. ఆ క్షీణించిన ఆకే నాచునకు నెలవు. మొక్కను పస్తుంచి నాచును జయింపజూచుట పొరపాటని నాకును తోచుచున్నది.

నీటితోటలను తీర్చిదిద్దు కళను జగద్విఖ్యాతము గావించిన జపాను దేశీయుడు తకాషి అమానో. 1954లో నీగాతా ప్రాంతమున జన్మించిన ఆయన తొలుత సైకిలు పందెగాడు, పిదప ఛాయాచిత్రకారుడు. నాచును తినుటకు ఒక చిన్న మంచినీటి రొయ్యను తొట్టిలో ప్రవేశపెట్టిన ఘనత ఆయనదే. నేడది ఆయన పేరుతోనే ప్రసిద్ధము. దాని పిల్లలు ఎదుగుటకు ఉప్పుకలిసిన నీరు కావలెను గనుక, అది మంచినీటి తొట్టిలో మితిమీరి పెరుగదు. మెత్తని పోగునాచును ఇది తీరికగా గిల్లితినును. పచ్చని చుక్కల జోలికి పోదు. 2015లో, తన మరణమునకు కొలది మాసముల ముందు, లిస్బన్ నగరపు మత్స్యప్రదర్శనశాలలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీటిలో ఆయన అమర్చిన జలవనము ఈ సంప్రదాయమున కెల్ల మకుటాయమానము.

క్రొత్తగా తొట్టి కూర్చువారు మొదటినాటనే శీఘ్రముగా పెరుగు మొక్కలను దట్టముగా నాటవలెను. మన చెరువులలో దొరకు హైడ్రిల్లా, వాలిస్నేరియాలు ఇందులకు చక్కగా పనికివచ్చును; వానిని బాగుగా కడిగి, నత్తలును పోగునాచును వెంటరాకుండ రెండు వారములు వేరొక పాత్రలో నుంచి చూచి నాటవలెను. మెల్లగా పెరుగు మొక్కలు వేరూని ఆకు తొడిగిన కొలది వీనిని కొంచెము కొంచెముగా తీసివేయవచ్చును.