వలకన్ను

గోదారికి ఎర్రనీరు తగిలిందంటే మా మావయ్య ఇంట్లో నిలవడు. సముద్రంలో విలసగా తిరిగిన చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. మంచినీటిలో ఈదేకొద్దీ ఒంట్లో ఉప్పు విడిచి, కొవ్వు కరిగి, పులస అవుతుంది.

పడవెక్కే ముందు మావయ్య వలకన్నులో నాలుగు వేళ్లు పెట్టి చూస్తాడు. వదులుగా దూరకపోతే ఆ వల ఒడ్డునే ఉండిపోతుంది. సన్నకన్ను వలలతో పక్కవాళ్లు బుట్టలు నింపుకుంటుంటే చిన్నప్పుడు నాకు ఉక్రోషం వచ్చేది. "మనమూ అదే వేద్దాం మావయ్యా" అంటే, "పిల్లల్ని కూడా లాగేస్తే వచ్చే యేడు ఏటికి ఎవరొస్తార్రా?" అనేవాడు.

పులసను పట్టాక జాలిపడి లాభం లేదు. నీళ్లు దాటిందంటే నిమిషాల్లో ప్రాణం పోతుంది. కొర్రమీనైతే మళ్లీ నీళ్లలో వదిలితే ఈదుకుంటూ పోతుంది. పులస విషయంలో ఏది వదలాలో వల అల్లేటప్పుడే తేల్చుకోవాలి. వేటగాడి ధర్మమంతా ఆ దారం ముడుల మధ్య ఖాళీలో ఉందని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పులస దారి అక్కడితో ఆగింది. దాన్ని కట్టించిన కాటన్ దొరకు మా ఊళ్లన్నీ దణ్ణం పెడతాయి, నేనూ పెడతాను. కానీ ఆ చేపకు మిగిలింది దిగువనున్న ఆ కాస్త ఏరే, వలలన్నీ అక్కడే. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఆపుతాం. పులస ఏరెక్కేది ఆ తర్వాత. బంగ్లాదేశ్‌లో ఇదే చేప గుడ్లు పెట్టే అదనులో 22 రోజులు వేట ఆపి, జాలర్ల ఇళ్లకు బియ్యం ఇస్తారు. మన ఏటికీ అలాంటి విరామం కావాలి, బియ్యం మాత్రం ముందు చేరాలి. పస్తు జాలరిది, రుచి మనది అయితే అది న్యాయం కాదు. పుస్తెలమ్మైనా పులస తినాలనే మనం, కడుపులో జన, అంటే గుడ్లు, ఉన్న చేపకే ఎక్కువ ధర పెడుతున్నాం. నేను జన చేప కొనడం మానేశాను.

నిరుడు శ్రావణంలో మావయ్యతో వెళ్లాను. పొద్దుటి నుంచి తిరిగితే ఒక్కటే పడింది. మావయ్య దాని పొట్ట బొటనవేలితో నిమిరాడు. జనతో బిగుసుకుపోయి ఉంది. ఏమీ అనకుండా వల మడిచి, పడవ ఒడ్డుకు తిప్పాడు.