ఇంటింటా టంకశాల: బరనీ కథనంపై ఒక పరిశీలన

భారత చరిత్రలో దొంగనాణేల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక వాక్యం తప్పక వినిపిస్తుంది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాగి, ఇత్తడి నాణేలను వెండి టంకా విలువతో చెలామణిలో పెట్టగానే ప్రతి హిందువు ఇల్లూ ఒక టంకశాల అయిపోయిందట. ఈ మాట రాసినవాడు జియావుద్దీన్ బరనీ. గ్రంథం ‘తారీఖె ఫీరోజ్ షాహీ’. ఒక జాతి మొత్తాన్ని నేరస్థుల బోనులో నిలబెట్టే ఈ వాక్యాన్ని ముస్లిం రచయితలు సైతం విచారణ లేకుండా ఉటంకించడం పరిపాటి అయింది. సాక్ష్యం విషయంలో మన ధర్మశాస్త్రం కోరే జాగ్రత్తను ఇక్కడ మాత్రం ఎందుకు పాటించకూడదు?

ముందుగా సాక్షి సంగతి. ఆ నాణేలు హిజ్రీ 730 నుండి 732 వరకు (క్రీ.శ. 1329-32) ముద్రించబడ్డాయి. బరనీ సుల్తాన్ కొలువులో పదిహేడేళ్ళకు పైగా ఉన్నానని తానే చెప్పుకున్నాడు. సుల్తాన్ 1351లో మరణించాడు. అంటే, బరనీ కొలువులో చేరేనాటికే ఆ నాణేల కథ ముగిసింది. గ్రంథం పూర్తయిందేమో 1357లో. అప్పటికి పదవి పోయి, పేదరికంలో కాలం గడుపుతున్నాడు. ప్రాణభీతితో, ప్రాపంచిక వ్యామోహంతో సుల్తాన్ ఎదుట సత్యం పలకలేకపోయానని ఆయన పశ్చాత్తాపపడిన మాట నిజమే. ఆ నిజాయితీని మెచ్చుకోవలసిందే. కాని పశ్చాత్తాపం వేరు, కళ్ళారా చూడడం వేరు.

ఆ వాక్యాన్ని దాని తరువాతి భాగంతో కలిపి చదివితే మరో చిత్రం కనబడుతుంది. ఆ నాణేలతోనే శిస్తు చెల్లించారనీ, గుర్రాలూ ఆయుధాలూ కొన్నారనీ, గ్రామాధికారులైన ఖోట్లు, ముఖద్దమ్‌లు బలిశారనీ బరనీ రాస్తాడు. శిస్తు పుచ్చుకున్నదెవరు? సర్కారు ఖజానాయే కదా! తన నాణేన్ని తానే గుర్తుపట్టలేని ఖజానా అది. చివరకు సుల్తాన్ రాగి తెచ్చినవారికి బంగారం, వెండి ఇవ్వమని ఆదేశించినప్పుడు, రాగి పాత్రలతోపాటు మూలన పడేసిన నాణేలను వేలాది జనం నలుదిక్కుల నుండి మోసుకొచ్చారనీ, తుగ్లకాబాద్‌లో అవి కొండల్లా పేరుకున్నాయనీ ఆయనే చెబుతాడు. ఇక్కడ మాత్రం ఆ జనానికి మతం పేరు లేదు. దొంగతనం దగ్గర ఉన్న పేరు లాభం దగ్గర ఎందుకు మాయమైందో పాఠకులే ఆలోచించాలి. శిక్షలకు పేరుమోసిన ఆ సుల్తాన్ దొంగనాణేలు పోసినవారిని పట్టి శిక్షించాడన్న మాట కూడా ఆ ఘట్టంలో కానరాదు.

శిక్ష లేకపోవడానికి కారణం సుల్తాన్ దయ అనుకోనక్కర్లేదు. అంతకు పూర్వం నాణేల నేరమంటే లోహంలో మోసం. మదీనా గవర్నర్ మర్వాన్ బిన్ హకమ్ దిర్హమ్‌లను కత్తిరించినవాడి చేయి నరికించాడనీ, తరువాత అబాన్ బిన్ ఉస్మాన్ అదే నేరానికి ముప్పై కొరడా దెబ్బలు కొట్టించి ఊరేగించాడనీ బలాజురీ నమోదు చేశాడు. హనఫీ ధర్మవేత్తలు చెడ్డ నాణేలను మూడు తరగతులు చేశారు: ఖజానా తిరస్కరించినా వర్తకులు పుచ్చుకునేవి జుయూఫ్, వర్తకులూ తిరస్కరించేవి నబహ్రజ, పైన వెండిపూత తప్ప లోపలంతా రాగి అయినవి సత్తూఖ. ఈ మూడింటినీ షరాబు గీటురాయి మీద గీసి చెప్పగలడు. తుగ్లక్ నాణెం దగ్గర ఆ గీటురాయికి పనిలేదు. కంసాలి పోసిన నాణెంలోనూ రాగే, సర్కారు నాణెంలోనూ రాగే! వాటి మధ్య తేడా ముద్ర ఒక్కటే; ఆ ముద్ర చేయి తిరిగిన ఏ కంసాలికైనా సాధ్యమే. సుల్తాన్‌కు విధేయుడైనవాడు కరుణామయునికి విధేయుడైనట్లేనన్న భావం ఆ నాణెం మీద అరబీలో చెక్కించారు. ప్రజల విధేయతను కోరే ఆ పంక్తి నకిలీ నాణెం మీద కూడా అంతే చక్కగా కనబడుతుంది.

ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ ఆర్జన ప్రకరణంలో చెడ్డ దిర్హమ్‌ను చెలామణి చేయడాన్ని, ధాన్యం దాచిపెట్టడంతోపాటు, ప్రజలందరికీ హాని చేసే అన్యాయంగా లెక్కించారు. చేతులు మారినకొద్దీ ఆ పాపభారం మొదట చెలామణి చేసినవానికి చేరుతుందనీ, అటువంటి నాణెం చేతికొస్తే మరెవరికీ అందకుండా బావిలో పడేయాలనీ, నాణెం పరీక్ష నేర్చుకోవడం వర్తకుని విధి అనీ ఆయన బోధించారు. రాగి కలిసిన నాణెమైనా అది ఆ ఊరి చెలామణి అయితే వాడుకోవచ్చన్న సడలింపు కూడా ఇచ్చారు. ఈ కొలతతో చూస్తే బరనీ కథలో మొదటి బాధ్యుడెవరు? పరీక్షకు లొంగని నాణేన్ని పరీక్షించమని వర్తకుణ్ణి ఎవరూ అడగలేరు. పరీక్షకు అవకాశమే లేకుండా చేసినవాడిని గురించి గజాలీ ప్రకరణం ప్రస్తావించదు. ఆ అవసరం ఆయన కాలానికి ఇంకా రాలేదు.

బరనీ వాక్యం ఆంగ్లంలోకి వచ్చింది 1871లో, ఎలియట్, డౌసన్‌ల సంపుటి ద్వారా. బ్రిటిష్ పాలనలోని మేళ్ళను దేశీయులకు గుర్తుచేయడానికే ఈ చరిత్రలను సంకలనం చేస్తున్నట్లు ఎలియట్ దాచుకోలేదు. అయినా మూలన పడ్డ రాగి పాత్రలు, నలుదిక్కుల జనం ఆ అనువాదంలోనూ యథాతథంగా ఉన్నాయి. ఇంటింటా టంకశాల వాక్యం నుండి అక్కడికి కొద్ది పంక్తుల దూరమే.