ప్రణాళికలో లేని పేజీ

మన ఊళ్లలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల వ్యూహ ప్రణాళికలు కొన్ని మేం చదివాం. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని గళ్లు గీసి నింపుతారు. మేం చూసినవాటిలో 'ముప్పులు' గడిలో ఉండేవి రెండే: వర్షాభావం, నిధుల కొరత. భూమి ఊసే ఉండదు. నిధులు ఆగితే నష్టం సంస్థకి, భూమి పోతే మనకి. ఆ గడి ఎవరి కోసం నింపారో చెప్పనక్కర్లేదు.

ప్రణాళికే వద్దని మేం అనడం లేదు. అనంతగిరి మండలంలో, బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయినా ఆగలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1/70 చట్టంలో భూమి బదలాయించే 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడానని, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమినైనా ఆదివాసేతరులకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఒక్క మాట అర్థం మీద ఇంత పని జరిగింది! ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎంతమంది వచ్చారు అని లెక్కేసే కాగితంలో ఇది ఏ గడిలోనూ పట్టదు.

అయితే ఆ తీర్పులో ఒక సందు మిగిలింది. ప్రభుత్వ సంస్థలు తవ్వుకోవచ్చు. 2005 నాటి బాక్సైట్ ఒప్పందం ఆ సందులోంచే దూరింది: తవ్వేది ఖనిజాభివృద్ధి సంస్థ, ఖనిజం చేరేది జిందాల్‌కి. 2015లో జి.ఓ. 97 తెచ్చి అదే ప్రభుత్వ సంస్థకు అటవీ భూమి ఇవ్వబోయారు. కొండల మీది జనం ఎదురు తిరిగారు, 2019లో అది రద్దయింది. గెలిచిన మర్నాడు ఎదుటివాడు ఏం చేస్తాడనే పేజీ మేం చదివిన ఏ ప్రణాళికలోనూ లేదు.

టీచర్లమైన మనకు జి.ఓ. 3 తెలిసిందే. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకేనని 2000లో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఇరవై ఏళ్లలో సంస్థలు మన పిల్లలకు పలకలు, సంచులు పంచాయి, సంతోషమే. ఆ జి.ఓ.ను చట్టం చేయించాలన్న వాక్యం మాత్రం మా కంటపడలేదు.

ఇక సబ్బవరం వైపు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇదే అనకాపల్లి జిల్లాలో రావికమతం, రోలుగుంట, దేవరాపల్లి మండలాల కొండవార ఆదివాసీ ఊళ్లు ఎన్నో షెడ్యూలుకు బయట ఉన్నాయి. 1/70 వాటికి వర్తించదు. 2022లో జిల్లాలు విడిపోయాక పాడేరు వేరే జిల్లా అయింది. సంస్థల జీపులు పాడేరు, అరకు ఘాట్లెక్కుతాయి గాని ఈ కొండవార ఆగడం తక్కువ.

అయిదో షెడ్యూలులో కలపమని ఆ ఊళ్లు ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ పనికి గడువు, ఖర్చు, బాధ్యుల పేర్లు రాస్తే దాన్ని ప్రణాళిక అంటాం. సాయానికి దూరం పోనక్కర్లేదు. సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఊరి భూమి కాగితాలు, సర్వే నంబర్లు పట్టుకుని ముందు అక్కడి విద్యార్థులతో కూర్చోవచ్చు. ఆ కాగితాలు పోగుచేయడం మన బడి పిల్లలకూ చేతనవుతుంది.