పాసుపుస్తకం లేని సహకారం

సహకార ఉద్యమ చరిత్ర రాసేవాళ్లు చాలావరకు 1904 చట్టంతో మొదలుపెడతారు. మా సుగాలీల కథ అంతకు ముందుది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తండా తండా కలిసి నడిచిన లదేణీ రోజుల్లోనే మాకు కలిసి బతకడం తెలుసు. రైళ్లు, రోడ్లు ఆ వ్యాపారాన్ని మింగేశాక అనంతపురం గుట్టల అంచున ఎర్రనేలల్లో సేద్యానికి దిగాం. ఆ తెలివి సొసైటీ పుస్తకాల్లోకి ఎందుకు ఎక్కలేదన్నదే మా ప్రశ్న.

జవాబు పాసుపుస్తకంలో ఉంది. సొసైటీ భూమిని చూసి అప్పిస్తుంది, చాకిరీని చూసి కాదు. కౌలుకు చేసేవాళ్లకు, తాత పేరునే పట్టా ఉండిపోయినవాళ్లకు, మొగుడి పేరున భూమి ఉన్న ఆడమనిషికి ఆ తలుపు సగమే తెరుచుకుంటుంది. వాన తప్పి చెనిక్కాయ ఎండితే మూటాముల్లె కట్టుకుని బెంగుళూరు బస్సెక్కేది వీళ్లే. గిరిజన సహకార సంస్థ ఉంది కదా అంటారు. 1956లో పుట్టిన ఆ సంస్థ చూపంతా ఏజెన్సీ అడవుల మీదే. మా జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు.

1964 చట్టం పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారాన్ని రిజిస్ట్రారుకిచ్చింది. 2013లో జరిగిన సొసైటీ ఎన్నికలు పదేళ్లు దాటినా మళ్లీ జరగలేదు. ప్రభుత్వాలు మారాయి, నియమించిన కమిటీలు మారాయి, అంతే. ఓటు లేనిదాన్ని సహకారం అనడానికి మాకు నోరు రావడం లేదు.

సర్కారు వాటా, సర్కారు పెత్తనం లేకుండా సంఘం పెట్టుకునే దారి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చూపింది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అండతో 2008లో వచ్చిన ధరణి సంఘం ఆ దారిలోదే. కొర్ర, సామ, చెనిక్కాయ పండించే రైతులే అందులో వాటాదారులు. పంటను శుద్ధి చేయించి, తమ సంఘం ద్వారానే అమ్ముకుంటారు. మెచ్చుకునేవాళ్లు సేంద్రియం గురించే రాస్తారు. మాకు ముఖ్యం అది కాదు, ధర చెప్పే చోట రైతు కూర్చోవడం. అయితే అక్కడ కూడా అమ్మడానికి పంట ఉండాలి, పంటకు నేల ఉండాలి. కూలికి పోయేవాళ్ల దాకా ఆ దారి ఇంకా రాలేదు.

2021లో కేంద్రం సహకారానికి విడిగా మంత్రిత్వశాఖ పెట్టింది. సొసైటీలకు కంప్యూటర్లు వస్తున్నాయి. రానివ్వండి. కౌలుకార్డు ఉన్నవాళ్లను, పట్టా లేకున్నా సేద్యం చేసే ఆడవాళ్లను ఓటున్న సభ్యులుగా చేర్చుకునే గడి ఆ కంప్యూటర్లలో పెడతారా? ఎన్నికలు ఎప్పుడు?