గాలి పద్దు

టర్బో అమర్చిన పెట్రోలు కారు రహదారిపై వేగము పుంజుకొనుచుండగా, కాలు యాక్సిలరేటరుపై అట్లే యుండగనే, శక్తి యంతయు ఒక్కసారిగా ఉడిగిపోయి, సీటుబెల్టు ఱొమ్మున బిగిసి, కాలు తీసినంతనే మరల ఏమియు జరుగనట్లు బండి సాగిపోవునప్పుడు, నడుపువాడు మొదట నిందించునది పెట్రోలు బంకును. పిమ్మట నిందించునది కడపట సర్వీసు చేసిన మెకానిక్కును. ఇరువురును నిరపరాధులే కావచ్చును. సిలిండర్లలోనికి పోవు గాలి తనకు విధింపబడిన హద్దును దాటినదని కంప్యూటరు గ్రహించి, ఇంజెక్టర్లను తానే మూసివేసి, ఇంజనును కాపాడిన క్షణమది. దీనిని ఫ్యూయల్ కట్ అందురు. మితిమీఱిన ఒత్తిడిలో మిశ్రమము అకాలమున అంటుకొన్నచో పిస్టన్లు పగులును, కరుగును. పెట్రోలే అందనిచో అంటుకొనుట కేమియు నుండదు. కావున వెదకవలసినది పెట్రోలు ఏల ఆగినదని కాక, గాలి ఏల మీఱినదని.

ఇట్టి కావలి నేటిది కాదు. ఎగ్జాస్టుతో వృథాగా పోవు శక్తిచే ఇంజనులోనికి గాలిని నెట్టు ఈ టర్బో ఉపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు పొందెను. 1962లో అమెరికాలో విక్రయమునకు వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారులో, ఇంజను కొట్టుకొనకుండుటకై నీరు, మిథనాలు కలిసిన ద్రవమును గాలితోపాటు చిమ్మెడివారు. ఆ ద్రవపు తొట్టి వట్టిపోయినచో ఒక కవాటము టర్బో ఒత్తిడిని తానే కుదించెడిది. తొట్టిని నింపుట యజమానులు చాలమంది మఱచిరి. మఱచినవారే కారు లాగుట లేదని గొణిగిరి. మనుష్యస్వభావము కార్బురేటరునాడును ఇంతే, కంప్యూటరునాడును ఇంతే.

నన్ను ఈ మరమ్మతు విద్యకు కట్టిపడవేసినది ఇందలి యొక వైపరీత్యము. టర్బోనుండి ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజనునకు పోవు లావుపాటి గొట్టములలో ఎచ్చట చీలిక పడినను ఒత్తిడి తగ్గును. ఇది ఎవరైనను ఊహింపగలరు. కాని ఎగ్జాస్టును ప్రక్కదారి పట్టించు వేస్ట్‌గేట్ అను కవాటము కలదు గదా, దానిని తెఱచు యాక్చువేటరునకు ఒత్తిడి వార్తను మోసికొనిపోవు సన్నని రబ్బరు గొట్టము ఒకటి యుండును. అది పగిలినను, ఊడినను, ఒత్తిడి పెరిగిన సంగతియే యాక్చువేటరునకు తెలియదు; కవాటము తెఱచుకొనదు; ఎగ్జాస్టు వాయువు లన్నియు టర్బైనుమీదనే పడి, దాని నడ్డగించువాడు లేక, ఒత్తిడి హద్దు మీఱి ఫ్యూయల్ కట్ తగులును. లావు గొట్టమున చిల్లి ఒత్తిడిని హరించును. సన్న గొట్టమున చిల్లి ఒత్తిడిని పెంచును. వేలకు వేలు పోసి టర్బోనే మార్పించుకొన్న పిమ్మట, ఈ జానెడు రబ్బరు ముక్క చీలిక బయటపడిన ఉదంతములు ఏ ఆటోనగరులో నడిగినను చెప్పుదురు. (నేటి కొన్ని కార్లలో వేస్ట్‌గేటును విద్యుత్తు మోటారే నడపును గనుక అచ్చట ఈ చిక్కు లేదు, వేఱు చిక్కులు కలవు.)

లావు గొట్టపు చీలిక చేయు చేటు ఒత్తిడి తగ్గుటతో ముగియదు. లోనికి వచ్చు గాలిని ఎయిర్‌ఫిల్టరు కడనే కొలుచు సెన్సరుగల కార్లలో, గాలి నూఱు పాళ్ళు వచ్చినదని అచ్చట పద్దు పడును. దారిలో పదిపాళ్ళు చీలికగుండ బయటికి పోవును. పెట్రోలు మాత్రము నూఱుపాళ్ళకును పడును. అందుచేత నల్లని పొగ, పచ్చి పెట్రోలు వాసన, మసిబారిన ప్లగ్గులు, లాగలేని బండి. అదే చీలిక థ్రాటిలునకు అవతల, మానిఫోల్డు నందు పడినచో కథ ఇంకను వింతగా నుండును: ఐడిల్‌లో అచ్చట శూన్యత యుండుటచే లెక్కకు రాని గాలి చొరబడి మిశ్రమము పలుచనగును, టర్బో ఒత్తిడి, అనగా బూస్టు, వచ్చినంతనే లెక్కలోని గాలి బయటికి పోయి మిశ్రమము చిక్కనగును. స్కానరులో, కంప్యూటరు పెట్రోలునకు చేయు సవరణ ఐడిల్‌లో పైకిని, బరువు లాగునప్పుడు క్రిందికిని పోవుచున్నట్లు కనబడినచో, నేను మఱి దేనిని అనుమానింపక ముందు ఆ చిల్లినే అనుమానింతును. మానిఫోల్డులో ఒత్తిడిని కొలుచు సెన్సరునుబట్టి నడచు కార్లలో పద్దు ఇంతగా తప్పదు. కాని పోయిన గాలిని భర్తీ చేయుటకై టర్బో అధికముగా తిరిగి, తన ఆయువును తానే తగ్గించుకొనును.

స్కానరు తగిలించినంతనే చేయవలసిన పరీక్ష యొకటి కలదు. అరనిమిషము పట్టని దీనిని చాలమంది విడిచిపెట్టుదురు. ఇంజను స్టార్టు చేయక, తాళము మాత్రము త్రిప్పి, మానిఫోల్డు సెన్సరు చూపు అంకెను చదువవలెను. అది ఆనాటి వాతావరణపు ఒత్తిడియే కావలెను: విజయవాడలో ఇంచుమించు 101 కిలోపాస్కల్, సముద్రమట్టమునకు 540 మీటర్ల ఎత్తున నున్న హైదరాబాదులో ఇంచుమించు 95. హైదరాబాదులో నిలిచియున్న కారు 110 చూపినచో, అతిక్రమించినది గాలి కాదు, అబద్ధమాడుచున్నది సెన్సరు. ఆ రెండు ఊళ్ళ నడుమ గల ఈ ఆరు కిలోపాస్కల్‌ల భేదమును చులుకన చేయరాదు. కేవలము స్ప్రింగు బలముతో వేస్ట్‌గేటు నడచు పాతకారు, హైదరాబాదులో హద్దునకు వెండ్రుకవాసి యివతల నిలిచినది, విజయవాడ చేరినంతనే హద్దు దాటుట సంభవమే. ఏలయన స్ప్రింగు ఎఱుగునది బయటి గాలికంటె నెంత ఎక్కువయన్న మాటయే, కంప్యూటరు లెక్కించునది మొత్తము. గాలి బరువునుబట్టి హద్దు నిర్ణయించు కార్లకు చలికాలపు రాత్రులు గండము. 40 డిగ్రీల గాలికంటె 10 డిగ్రీల గాలి పదింట నొకవంతు సాంద్రమైనది.

ఇక చీలికను పట్టుకొను విధము. ఇంజను ఆడుచుండగా చెవి యొగ్గి వినుట వ్యర్థము. బండి నిలిచియున్నప్పుడు బూస్టు పుట్టదు, పుట్టిన చోట, అనగా రోడ్డుమీద, బానెట్టు క్రింద చెవి పెట్టుటకు వీలులేదు. అందుచే ఇంజను నాపి, టర్బో నోటికి బిరడా బిగించి, దానిగుండ కంప్రెసరు గాలిని, కారు సహజముగా పుట్టించు బూస్టును మించకుండ, సాధారణముగా 15 పి.ఎస్.ఐ. లోపల, మెల్లగా ఎక్కించి, ప్రతి అతుకుపైనను సబ్బునీళ్ళు చిలుకరింతురు. పంక్చరు దుకాణపువాడు ట్యూబును తొట్టిలో ముంచి బుడగకై చూచినట్లు చూతురు. బిరడాకు ఎదురుగా నిలువరాదు. అది ఊడినచో ముఖమున తగులును. ఆయిలు పోయు మూత విప్పి యుంచవలెను. లేనిచో క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి సీళ్ళు ఊడును. ఆ మూతకడ, సైలెన్సరుకడ సన్నని సవ్వడి వినవచ్చినంత మాత్రమున బెదరవలదు: తెఱచియున్న వాల్వులగుండ, పిస్టన్ రింగులగుండ కొంత గాలి పోవుట సహజము. ఇంటర్‌కూలరు అతుకులు, బ్లోఆఫ్ వాల్వు, ఇంజెక్టరు ఓరింగులు, థ్రాటిలు ఇరుసు, బ్రేకు బూస్టరునకు పోవు గొట్టము: చెవి అచ్చటచ్చట ఆగవలెను. బయట నూనెజిడ్డు తడితడిగా పేరుకొన్న అతుకును మొదట చూడుడు. టర్బోనుండి వచ్చు గాలిలో నూనె లేశము ఎప్పుడును కలదు గనుక, గాలి పోయిన త్రోవను నూనె గుర్తుపెట్టును.

ఇంత శ్రమ యేల యని, సెన్సరు చెప్పు అంకెను ఒక మేరకు మించకుండ కత్తిరించి కంప్యూటరునకు చేర్చు ఫ్యూయల్ కట్ డిఫెన్సర్ అను చిన్నపెట్టెను అమర్చుకొనువారు కలరు. గాలి పెరుగుచునే యుండును. కంప్యూటరు మాత్రము పెరుగలేదని నమ్మి, తక్కువ గాలికి తగిన పెట్రోలునే పోయుచుండును. ఇంజనును పూర్తిగా ఎఱిగి, పెట్రోలును వేఱుగా సరిచూచుకొను పందెపు కార్లవారి సంగతి వేఱు. సంసారపు కారునకు దీనిని నేను అంగీకరింపను.

చీలిక దొరకిన పిమ్మట పని చిన్నది. గొట్టము లోపలి జిడ్డును పూర్తిగా తుడువక బిగించినచో అది తొలి బూస్టునకే మరల జాఱును. నూనెకు ఉబ్బిన రబ్బరును ఎంత బిగించినను నిలువదు, మార్చవలసినదే. స్క్రూ క్లిప్పును బలమంతయు పెట్టి బిగించువారు దాని పళ్ళతోనే క్రొత్త గొట్టమును కోయుదురు.